తంగేడు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పెత్తరమాస, అంటే భాద్రపద అమావాస్య, దగ్గర పడుతుంటే తంగేడు గురించి ప్రశ్నలు మొదలవుతాయి. సద్దుల బతుకమ్మ అయిపోగానే ఆగిపోతాయి. మళ్లీ ఏడాది దాకా ఆ పొద వైపు ఎవరూ చూడరు. అందుకే ఇక్కడ పండగ ప్రశ్నలతో పాటు మిగతా పదకొండు నెలల ప్రశ్నలు కూడా పెట్టాం.

తంగేడు అంటే కచ్చితంగా ఏ మొక్క?

శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది, రెండూ ఒకటే. ఎక్కడి నుంచో తెచ్చి నాటింది కాదు, భారతదేశం, శ్రీలంకల సొంత మొక్క. తమిళులు ఆవారం అంటారు, కన్నడిగులు తంగడి అనీ ఆవరికె అనీ అంటారు, సింహళంలో రణవర, సంస్కృత వైద్య గ్రంథాల్లో ఆవర్తకి.

మనిషి నడుము నుంచి నిలువెత్తు దాకా పెరిగే పొద ఇది. మంచి చోటు దొరికితే ఇంకాస్త పైకి పోతుంది. దక్కన్ పీఠభూమిలో బీళ్లు, గుట్టల అంచులు, చెరువు కట్టలు, రైలు పట్టాల పక్క ఖాళీ జాగాలు దీని అడ్డాలు. రాళ్ల నేల, ఎర్ర చెలక, కాస్త చౌడు ఉన్న నేల కూడా దీనికి సమ్మతమే. నీళ్లు నిలిచే చోటు మాత్రం పడదు.

చిక్కుడు కుటుంబం అంటారు. పువ్వు చూస్తే అలా లేదే?

మంచి సందేహమే. కంది పువ్వో జనుము పువ్వో చేతిలోకి తీసుకుంటే పైన ఒక పెద్ద రేక, పక్కన రెండు, కింద కలిసిపోయిన రెండు రేకులు కనిపిస్తాయి. తంగేడు పువ్వులో ఐదు రేకులూ విప్పారి, దాదాపు ఒకే తీరులో ఉంటాయి. అయినా కుటుంబం ఒకటే, ఫాబేసి. అందులో తంగేడు, రేల ఒక శాఖకు చెందుతాయి. కంది, చిక్కుడు, వేరుశనగ ఇంకో శాఖవి. చుట్టరికం తేలేది కాయ దగ్గరే. తంగేడు కాయను చీల్చితే రెండు చెక్కలుగా విడిపోయి, గింజలు వరుసగా బయటపడతాయి.

రోడ్డు పక్కన కనిపించే పసుపు పూల చెట్లన్నీ తంగేడేనా?

కాదు. మన దగ్గర పసుపు పూల మొక్కలు చాలా ఉన్నాయి, పైగా వాటిలో కొన్నింటి పేర్లలోనూ తంగేడు ఉంటుంది. ముందు అసలు తంగేడు గుర్తులు చూద్దాం.

ఆకు రెమ్మ మొదట్లో, కాడ కొమ్మకు అతుక్కునే చోట చూడండి. అక్కడ చెవి తమ్మెల్లా రెండు గుండ్రటి చిన్న ఆకులు ఉంటాయి. వాటిని పత్రపుచ్ఛాలు అంటారు. చాలా మొక్కల్లో అవి తొందరగా రాలిపోతాయి, తంగేడులో మాత్రం రాలకుండా ఉండిపోతాయి. పువ్వు లేని రోజుల్లో కూడా ఈ ఒక్క గుర్తుతో తంగేడును పట్టేయొచ్చు. ఒక్కో రెమ్మకు సుమారు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులు, ప్రతి జతలోని రెండు ఆకుల మధ్య ఒక సన్నని గ్రంథి ఉంటాయి. కాయ బల్లపరుపుగా, కాగితంలా పలచగా, ఎండితే గోధుమ రంగులో ఉంటుంది.

రేల చెట్టు వేరు. అది పెద్ద చెట్టు, ఎండాకాలంలో పూలు గుత్తులుగా కిందికి వేలాడతాయి, కాయ నల్లటి గొట్టంలా ఉంటుంది. సీమ తంగేడు ఆగ్నేయాసియా నుంచి వచ్చి రోడ్ల పక్కన నీడ కోసం నాటిన చెట్టు, తంగేడు కంటే చాలా ఎత్తు. నేల తంగేడు అంటే సునాముఖి, విరేచనాల మందుకు వాడే చిన్న మొక్క. తంటెపు మొక్క వానలకు మొలిచి ఏడాది తిరక్కుండా పోయే కలుపు, రెమ్మకు మూడు జతల ఆకులే ఉంటాయి.

అన్నింటికన్నా జాగ్రత్తగా గుర్తు పట్టాల్సింది కసివింద. ఆకు నలిపితే కంపు కొడుతుంది. ఆకుల జతలు తక్కువ, నాలుగైదు ఉంటాయేమో, కొసలు మొనదేలి ఉంటాయి. కాయ సన్నగా కాస్త వంపు తిరిగి ఉంటుంది. దీని సంగతి కింద ఇంకో ప్రశ్నలో వస్తుంది, దాన్ని మాత్రం దాటేయకండి.

పూత ఎప్పుడు వస్తుంది?

వాన పడితే ఏడాదిలో ఎప్పుడైనా నాలుగు పూలు కనిపిస్తాయి. విరగబూసేది వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా. బతుకమ్మ రోజులకు సరిగ్గా అందేది అందుకే.

బతుకమ్మకు తంగేడు తప్పనిసరా?

శాస్త్రం రాసిపెట్టిన నియమం ఏమీ లేదు. పెత్తరమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై అష్టమి నాటి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు ఏ ఊళ్లో ఏ పువ్వు దొరికితే అది పేరుస్తారు. బంతి, చామంతి, గుమ్మడి, బీర, కట్ల, పట్టుకుచ్చు ఏదైనా సరే. కానీ గునుగు, తంగేడు లేకపోతే బతుకమ్మకు నిండుదనం వచ్చిందని చాలా ఇళ్లలో ఆడవాళ్లు ఒప్పుకోరు. బతుకమ్మ పాటల్లోనూ గౌరమ్మ పక్కన తంగేడు పువ్వు ఉండాల్సిందే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గునుగు చేలగట్ల మీద మొలిచే కలుపు. తంగేడు బీట్లో మొలిచే పొద. రెండింటినీ ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. వాటిని పళ్లెంలో పేర్చి నెత్తిన పెట్టుకుని ఊరేగే పండగ ఇది. బజారులో కొన్న పూలతో పేర్చిన బతుకమ్మ కూడా అందంగానే ఉంటుంది, కాదనను. ఊరి చుట్టూ ఉన్న బీడు భూమి బతికి ఉందా లేదా అన్నది మాత్రం ఈ రెండు పూలతోనే తెలుస్తుంది.

పూలు వాడిపోకుండా కోయడం ఎలా?

తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే కోయాలి. పూర్తిగా విచ్చిన పూల కంటే సగం విచ్చినవి, మొగ్గలు ఉన్న గుత్తులు ఎక్కువసేపు ఆగుతాయి. తడి గుడ్డలో చుట్టి నీడలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెడితే సాయంత్రానికి చెమర్చి నల్లబడతాయి.

జానెడు పొడవు కొస గుత్తులు చాలు, కత్తెరతో తుంచండి. కొమ్మలు విరిచి, పొద మొదలు పీకి ట్రాలీ ఆటోల్లో నింపుకుపోయే వాళ్లను ఏటా చూస్తున్నాం. తంగేడు గట్టి మొక్క. నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పీకేస్తే మాత్రం అంతే. ప్రతి పొదకూ సగం పూలు వదిలేస్తే కాయలు కట్టి, గింజలు రాలి, పక్కన పిల్ల మొక్కలు లేస్తాయి.

బతుకమ్మ పూలు చెరువు నీళ్లను శుద్ధి చేస్తాయంటారు. నిజమేనా?

ఏటా వాట్సాప్‌లో తిరిగే మాట ఇది. తంగేడులో ఔషధ గుణాలు ఉన్నాయన్నది వేరే సంగతి. ఎకరాల కొద్దీ ఉన్న చెరువును పళ్లేల్లోని పూలు శుభ్రం చేస్తాయంటే నమ్మడం కష్టం. ఏ పువ్వయినా నీటిలో కుళ్లేటప్పుడు ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. సహజమైన పూలు నాలుగు రోజుల్లో మట్టిలో కలిసిపోతాయి కాబట్టి చెరువుకు పెద్దగా హాని ఉండదు. గునుగుకు వేసే రసాయన రంగులు, ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్ అలా కాదు. వాటిని నీళ్లలో వేయకుండా ఉంటే చాలు.

రాష్ట్ర పుష్పం ఎప్పుడైంది?

తెలంగాణ ఏర్పడ్డాక 2014 నవంబరులో ప్రభుత్వం రాష్ట్ర చిహ్నాలు ప్రకటించింది. పాలపిట్ట, జింక, జమ్మి చెట్టుతో పాటు తంగేడు పువ్వు అందులో ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో కలువ ఉండేది. ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను ఎంచుకుంది. అలాగని తంగేడు తెలంగాణకే పరిమితం కాదు. అనంతపురం, కర్నూలు, ప్రకాశం జిల్లాల మెట్టల్లోనూ కావలసినంత ఉంటుంది.

తోలు పనికి తంగేడు వాడేవారట. ఎలా?

ఈ మొక్క చరిత్రలో అసలైన పెద్ద అధ్యాయం ఇదే, పండగ హడావిడిలో ఎవరికీ గుర్తు రాదు.

తంగేడు చెక్కలో, అంటే కొమ్మల బెరడులో, టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. ఎండు బెరడు బరువులో దాదాపు 18 శాతం దాకా. పచ్చి తోలును ఊరికే వదిలేస్తే కుళ్లిపోతుంది. టానిన్ దొరికితే తోలులోని మాంసకృత్తులకు గట్టిగా అంటుకుంటుంది, ఆ తర్వాత సూక్ష్మజీవులు దాన్ని తినలేవు, నీటికి చీకదు, వంచితే విరగదు. తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు గీకేసి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టేవారు. చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించేవారు. ఎందుకంటే ఉత్త తంగేడుతో ఊరిన తోలు వెలుతురు తగిలితే ఎర్రబడుతుంది, కరక్కాయ ఆ ఎరుపును ఆపుతుంది. కెమిస్ట్రీ పుస్తకం చదవకుండానే ఈ కిటుకు పట్టారు.

తెలంగాణ పల్లెల్లో ఈ పనంతా లందల్లో, అంటే తోలు ఊరబెట్టే చోట్ల, జరిగేది, చేసింది మాదిగలు. బావి నుంచి నీళ్లు తోడే మోట, ఎడ్ల మెడ పట్టెడలు, రైతు కాలి చెప్పులు, డప్పు అన్నీ అక్కడి తోలుతోనే. ఊరి వ్యవసాయం సగం ఆ లంద మీదే నడిచింది. అదే లందను, ఆ పని చేసిన వాళ్లను ఊరు దూరంగా పెట్టింది. అదే తంగేడు పువ్వు పళ్లెంలోకి వస్తే దేవత, బెరడు లందలోకి పోతే అంటు. రాష్ట్ర పుష్పం గురించి ఉపన్యాసాలు ఇచ్చే వాళ్లు ఈ రెండో సగం కూడా చెబితే బాగుంటుంది.

బ్రిటిష్ కాలంలో ఇదే పద్ధతి మద్రాసు చుట్టుపక్కల పరిశ్రమగా ఎదిగింది. ఇలా ఊరబెట్టిన తోళ్లు ఈస్ట్ ఇండియా తోళ్ల పేరుతో ఓడల్లో ఇంగ్లండు వెళ్లేవి. 20వ శతాబ్దంలో దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు బెరడు, దాని సారం చవగ్గా రావడంతో తంగేడు చెక్క గిరాకీ పడిపోయింది. తర్వాత క్రోమియం అనే లోహపు లవణాలతో తోలు ఊరబెట్టే పద్ధతి వచ్చింది, వారాలు పట్టే పని గంటల్లోకి దిగింది. ఇప్పుడు చెక్క కోసం తంగేడు కొట్టే వాళ్లు చాలా అరుదు.

పువ్వు చుట్టూ నల్ల తుమ్మెదలే ఎక్కువ కనిపిస్తాయి. ఎందుకు?

తంగేడు పువ్వులో తేనె ఉండదు. వచ్చిన అతిథికి పుప్పొడి ఒక్కటే పెడుతుంది, అదీ అంత తేలిగ్గా ఇవ్వదు. పుప్పొడి మోసే పది కేసరాల్లో పైన ఉండే మూడు ఉత్తుత్తివి. మిగతా వాటిలో పుప్పొడి మూసి ఉన్న సంచుల్లో ఉంటుంది, కొసన చిన్న రంధ్రాలే దారి. తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని, రెక్కలు కదపకుండా ఒంటి కండరాలతో జుమ్ మని వణికిస్తుంది. ఆ అదురుకు రంధ్రాల్లోంచి పుప్పొడి చిమ్ముతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు, కింద రాలింది ఏరుకుని పోతుంది.

ఈసారి పొద దగ్గర నిలబడితే ఇంకోటి చూడండి. పువ్వు మధ్య నుంచి వంపు తిరిగి వచ్చే ఆకుపచ్చ కాడ కొన్ని పూలలో ఎడమకు, కొన్నింటిలో కుడికి వంగి ఉంటుంది. ఒకే పొద మీద రెండు రకాలూ ఉంటాయి. ఎడమ వంపు పువ్వులో తుమ్మెద ఒంటికి ఒక వైపు అంటిన పుప్పొడి, కుడి వంపు పువ్వులో సరిగ్గా తగలాల్సిన చోట తగులుతుందని వృక్ష శాస్త్రవేత్తల వివరణ.

తుమ్మెదలే కాదు, లేత పసుపు, తెల్లటి చిన్న సీతాకోకచిలుకలు కూడా తంగేడు దగ్గరికి వస్తాయి, ఆకుల మీద గుడ్లు పెడతాయి. ఆకులు కొరికి ఉన్నాయని టెన్షన్ పడి మందు కొట్టకండి.

పప్పుజాతి మొక్క కదా, నేలకు నత్రజని ఇస్తుందా?

ఇవ్వదు. పెసర, మినుము, జీలుగ వేళ్లకు బొడిపెలు ఉంటాయి, వాటిలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. తంగేడు ఉన్న సెన్నా జాతి మొక్కల వేళ్లకు ఆ బొడిపెలు రావు. కుటుంబం ఒకటే అయినంత మాత్రాన అందరికీ ఒకే గుణం రాదు కదా. అయితే తంగేడు రొట్ట కొట్టి మడిలో తొక్కడం పాత పద్ధతే. ఆకు కుళ్లి నేలకు సత్తువ ఇస్తుంది, పక్క బీట్లో పుట్టిన సత్తువను మడికి మోసుకొచ్చినట్టు.

మేకలు, పశువులు తింటాయా?

పెద్దగా ముట్టవు. ఆకులోని వగరు వాటికి నచ్చదు. గొడ్లు మేసి గడ్డి కూడా మిగలని బీట్లో తంగేడు ఒక్కటే పచ్చగా నిలబడి ఉండటానికి కారణం అదే.

తంగేడు పూల టీ తాగితే షుగర్ తగ్గుతుందా?

ఎక్కువ మంది అడిగే ప్రశ్న. ఆయుర్వేదం, సిద్ధ వైద్యాల్లో అతిమూత్రానికి, మధుమేహానికి తంగేడు వాడకం ఉంది. శ్రీలంకలో రణవర టీ మామూలు పానీయం. తమిళనాట ఎండు ఆవారం పూలు నాటు మందుల కొట్లలో దొరుకుతాయి, పప్పులోనూ వేస్తారు. డయాబెటిస్ వచ్చేలా చేసిన ఎలుకలకు పూల సారం ఇస్తే రక్తంలో చక్కెర తగ్గిందని పరిశోధనలు వచ్చాయి.

ఎలుకలో పనిచేసింది మనిషిలో ఎంత మోతాదుకు, ఎంతకాలం, ఎంత మేర పనిచేస్తుందో తేల్చే పెద్ద పరీక్షలు లేవు. కాబట్టి డాక్టర్ ఇచ్చిన మాత్రలు ఆపేసి పూల టీ మీద ఆధారపడటం మంచిది కాదు. మాత్రలు వేసుకుంటూనే దీన్ని కూడా రోజూ తాగితే చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంది, డాక్టర్‌కు చెప్పండి. మూర్ఛకు కార్బమజెపిన్ వాడే వాళ్లు అసలు వద్దు. తంగేడు టీతో కలిపి ఇచ్చినప్పుడు ఎలుకల రక్తంలో ఆ మందు స్థాయి పెరిగిందని శ్రీలంక పరిశోధకులు 2004లో చూపించారు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా దూరంగా ఉండాలి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకసారి ఒక కప్పు తాగితే అది వేరే మాట. రుచి కాస్త వగరు, అంతే. రోడ్డు పక్క పొగ, దుమ్ము పట్టిన పూలు, పురుగుమందు కొట్టే చేను గట్టు పూలు టీకి పనికిరావు.

గింజలు, కాయలు విషమా?

తంగేడు విషయంలో అలాంటి చెడ్డపేరు లేదు. అయినా గింజలు తినే వస్తువు కాదు. అసలు ప్రమాదం కసివిందతో. 2016లో మన సరిహద్దు పక్కనే ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు వరసగా చనిపోయారు. మొదట మెదడువాపు జ్వరం అనుకున్నారు. కసివింద గింజలు తినడం కూడా కారణమని తర్వాత నిపుణుల బృందం చెప్పింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో అంతకుముందే ఇలాంటి మరణాలకు ఇదే కారణమని గుర్తించారు. ఆ విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తుంది. ఇంటి చుట్టూ, బడి ఆవరణలో కసివింద ఉంటే కాయ కట్టకముందే పీకేయండి. పిల్లలకు ఆ మొక్కను చూపించి చెప్పండి. తిన్నారన్న అనుమానం వస్తే వాంతులు, మగత వచ్చేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి, తిన్న మొక్క కొమ్మ ఒకటి వెంట తీసుకెళ్లాలి.

ఇంటి దగ్గర పెంచుకోవచ్చా? గింజలు వేస్తే మొలవడం లేదు.

పెంచుకోవచ్చు. మొలవకపోవడానికి కారణం గింజ పైపొర. అది నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో ఎండలు, వానలు, రాపిడి దాన్ని మెల్లగా అరగదీస్తాయి, మనం ఆ పని ముందే చేయాలి.

చలికాలం చివర ఎండిన కాయలు కోసి గింజలు తీయండి. చిల్లు పడినవి పక్కన పెట్టేయండి, లోపల పురుగు తినేసి ఉంటుంది. నీళ్లు మరిగించి పొయ్యి మీద నుంచి దించి, గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. గింజలను పొయ్యి మీద పెట్టి ఉడికించొద్దు. పొద్దున్నే ఉబ్బినవి ఏరి వేయండి, ఉబ్బనివాటికి మళ్లీ అదే వైద్యం. గింజలు తక్కువైతే ఒక్కో గింజను గరుకు కాగితం మీద కాస్త రుద్దితే సరిపోతుంది.

వేరు నిటారుగా లోతుకు పోతుంది కాబట్టి పొడవాటి సంచిలో వేసి, చిన్నగా ఉన్నప్పుడే నేలలోకి మార్చాలి. జూన్, జులై వానలకు నాటితే మొదటి ఎండాకాలం దాటేదాకా అప్పుడప్పుడు నీళ్లు పోస్తే చాలు. మామూలుగా రెండో ఏడు పూస్తుంది. ఎరువు ఎక్కువేస్తే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. పూత అయ్యాక కొసలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. వరుసగా నాటితే కంచెగా కూడా పనికొస్తుంది.

కుండీలో?

కష్టపడితే పెద్ద డ్రమ్ములో వస్తుంది. రోజంతా ఎండ కావాలి, అడుగున చిల్లులు ఉండాలి. బాల్కనీ నీడలో పెట్టి పూయలేదని బాధపడొద్దు.

నర్సరీలో అడిగితే లేదంటున్నారు. ఎందుకు?

ఊరికే దొరుకుతుందనుకునే మొక్కకు కొనేవాడు ఉండడు, కొనేవాడు లేనిదాన్ని నర్సరీవాడు పెంచడు. ఇన్నాళ్లూ ఆ లెక్క సరిపోయింది. ఇప్పుడు ఊరి చివరి బీళ్లు వెంచర్లయ్యాయి, గుట్టలు కంకరయ్యాయి, రోడ్ల పక్క ఖాళీలు విస్తరణలో పోయాయి. తంగేడు అంతరించే జాబితాలో ఉన్న మొక్క కాదు, అడవి అంచుల్లో ఇంకా పుష్కలంగా ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల మాత్రం పండగకు పూలు లారీల్లో దూరం నుంచి రావాల్సి వస్తోంది. పనికిరాని భూమి అని మనం రాసిపెట్టుకున్న నేలే దీని ఇల్లు. బడి, గుడి, చెరువు కట్ట, కాలనీ పార్కు ఏదైనా సరే, ఖర్చు లేకుండా నాటగలిగిన మొక్క ఇది. డివైడర్లలో విదేశీ పూల మొక్కలకు ట్యాంకర్లతో నీళ్లు పోసే బదులు తంగేడు వేస్తే నీళ్ల ఖర్చు కూడా తగ్గుతుంది.

మేం అమెరికాలో ఉంటాం. విత్తనాలు తెచ్చుకోవచ్చా?

అనుమతి పత్రాలు లేకుండా సూట్‌కేసులో వేసుకుని తేకండి. అమెరికాలో విత్తనాల దిగుమతికి నియమాలు ఉన్నాయి, ఆస్ట్రేలియాలో ఇంకా కఠినం. దొరికితే జరిమానా పడొచ్చు. చలికి మంచు పడే చోట తంగేడు ఎలాగూ బతకదు.

అక్కడే దొరికే చుట్టాలతో సరిపెట్టుకోవచ్చు. టెక్సస్ లాంటి వెచ్చని చోట్ల సెన్నా కోరింబోసా అనే దక్షిణ అమెరికా పొదను తోటల్లో పెంచుతారు. వేసవి చివర, శరదృతువులో పసుపు పచ్చగా పూస్తుంది, అంటే మన బతుకమ్మ రోజులే. పువ్వు చూస్తే తంగేడుకు బాగా దగ్గర. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో పార్ట్రిడ్జ్ పీ అనే స్థానిక మొక్క ఉంది, అది పొట్టిది, ఏడాది మొక్క, పూత సెప్టెంబరుకు తగ్గుముఖం పడుతుంది. దాని విత్తనాలు స్థానిక మొక్కలు అమ్మే నర్సరీల్లో దొరుకుతాయి. ఈ రెండింటినీ అలంకరణకే వాడండి, టీకి కాదు.